రాథమ్‌స్టెడ్ సర్ జాన్ బెనెట్ లాజు చరిత్రము

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు ఉత్తరముగా సుమారు 25 మైళ్ల దూరమున హార్పెండెన్ అను నూరు కలదు. దాని నానుకొని రాథమ్‌స్టెడ్ అను ప్రాచీనమైన జమీ యున్నది. అచ్చటి నేల చెకుముకి రాళ్లు కలసిన బరువైన బంకమన్ను. దాని యడుగున సుద్దరాయి. సంవత్సరమునకు కురియు వాన సుమారు 28 అంగుళములు. మన కోస్తా జిల్లాలలో కురియు వానకంటె నిది తక్కువయే. అయినను మన వానలో హెచ్చు పాలు కొలది మాసములలో కురిసి వెలిసిపోవును. అచ్చటి వాన యేడాది పొడవునను సన్నసన్నగా పడుచునే యుండును. వేసవిలో పడినదానిని పైరు త్రాగును, ఎండ యావిరి చేయును. చలికాలమున పడినదానికి త్రాగు పైరును లేదు, ఆర్చు ఎండయు లేదు. అక్టోబరు మొదలుకొని మార్చి వరకు నా నీరు నేలలోనికి దిగి, క్రిందికి జారి, తూములవెంట కాలువలలో కలియును.

మనకు మాఘము వచ్చునప్పటికి చలి వెనుకపట్టును; ఆ దేశమున ఫిబ్రవరి మాసమనగా ముసురు, మంచు, బురద. ముందటి శరత్తున విత్తిన గోధుమ నాలుగు ఆకులతో పసుపువారి నిలిచి యుండును. రైతు సావడిలో ఎరువు బస్తాలు కొని పేర్చుకొనియున్నాడు. ఇప్పుడు చల్లవలెనా, ఆగవలెనా? చల్లినచో నేది చల్లవలెను? ముందు చల్లిన వాన కొట్టుకొనిపోవునేమో; ఆగిన పైరు ఆకలితో గిడసబారునేమో. ఈ చిన్న సందేహము మీద ప్రతి సంవత్సరమును ఆ రైతు యొక్క సొమ్ము, కుటుంబపు తిండి ఆధారపడియుండెను. దానికి ఊహతో గాక కొలతతో ప్రత్యుత్తరము వెదకినవారిలో ప్రథముడు రాథమ్‌స్టెడ్ జమీందారు సర్ జాన్ బెనెట్ లాజు. ఆయన చరిత్రమును మా చదువరుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

లాజు 1814వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీని రాథమ్‌స్టెడ్ మేడలోనే జన్మించెను. ఎనిమిదవ యేట తండ్రి గతించెను. తల్లి యాతనిని పెంచి, ఈటన్ పాఠశాలకును, పిదప ఆక్స్‌ఫర్డు నందలి బ్రేజనోజ్ కళాశాలకును పంపెను. చదువున నాతడు రాణించినట్లు కనబడదు. పట్టము పుచ్చుకొనకయే యింటికి వచ్చెను. గ్రీకు లాటిను భాషలకంటె బుడ్లు, బట్టీలు, ఆమ్లములు వాని మనస్సు నాకర్షించినవి. మేడలోని మంచి పడకగదుల నొకదానిని రసాయనశాలగా మార్చి పొయ్యిలు పెట్టించగా తల్లికి మిక్కిలి మనస్తాపము కలిగెనట. మా విద్యార్థులలో నిట్టివారు కొందరు లేకపోలేదు. వారి తల్లులును మాకు మొరపెట్టుకొనుచుందురు.

1834లో లాజు సొంత సేద్యమును చేతిలోనికి తీసికొనెను. మొట్టమొదట గసగసాలు, బెల్లడోనా మొదలగు ఔషధపు మొక్కలు పెంచి, వాని సారము తీయజూచెను. అంతలో పొరుగు జమీందారైన డేకర్ ప్రభువు ఆయనతో మాటలాడుచు నొక విచిత్రమును తెలిపెను. ఎముకల పొడి కొన్ని పొలములలో టర్నిప్పు దుంపలకు అమృతమువలె పనిచేయుచున్నది. మరికొన్ని పొలములలో నెంత చల్లినను చల్లనట్లే యున్నది. కారణమేమి? ఆ ప్రశ్న లాజును పట్టుకొని వదలలేదు.

కారణము నేడు మనకు స్పష్టము. ఎముకలోని భాస్వరము సున్నముతో గట్టిగా కూడియుండి నీట కరగదు. పులుపు గల నేలలో ఆ పులుపే దానిని మెల్లమెల్లగా కరగించి వేళ్లకు అందించును. పులుపు లేని నేలలో అది రాయివలె పడియుండును. లాజు ఈ వివరణము నంతయు నెరుగక పూర్వమే, నేల చేయని పనిని తాను చేసి చూతమని తలంచి, ఎముకల పొడిమీద గంధకామ్లము పోసెను. కుండలలో మొక్కలు నాటి దాని గుణమును పరీక్షించెను; పిదప పొలమున పరీక్షించెను. దుంపలు విరగబెరిగినవి. 1842 మే 23వ తేదీని ఈ యెరువు చేయు విధానమునకు ప్రత్యేకపు హక్కు సంపాదించెను. దీనినే సూపర్ ఫాస్ఫేటు అందురు.

ఇచ్చట నొక సంగతి దాచుట న్యాయము కాదు. ఎముకలను ఆమ్లముతో కరగించవచ్చునని జర్మనీ దేశపు మహారసాయనవేత్త లీబిగ్ 1840లోనే యచ్చువేయించియుండెను. అయిర్లండునకు చెందిన ముర్రే అను వైద్యుడు లాజుతో పాటు అదే దినమున నట్టి హక్కునే పొందెను. ఆ హక్కును లాజు తరువాత కొనివేసెను. కాబట్టి మొదటి యూహ యొక్క కీర్తి యంతయు లాజుదే యనుట మాకు సమ్మతము కాదు. ఎముకలకు బదులు నేలలో త్రవ్వితీసిన భాస్వరపు రాళ్లను గూడ ఆమ్లముతో లొంగదీసి, చవుకగా చేసి, బస్తాలకెత్తి రైతు వాకిట చేర్చిన ప్రజ్ఞ మాత్రము నిస్సందేహముగా ఆయనదే.

1842 డిసెంబరులో లాజు వివాహమాడెను. నూతన దంపతులు విహారయాత్రకు పోవుటకు మారుగా థేమ్సు నదిపై పడవలో తిరిగి, కార్ఖానాకు తగిన స్థలమును వెదకిరని చెప్పుకొందురు. ఆ యమ్మ యేమనుకొన్నదో కాని, మరుసటి సంవత్సరమునకు డెట్‌ఫర్డు కాలువ యొడ్డున కార్ఖానా లేచెను. 1843 జూలై 1వ తేదీని తోటవారి పత్రికలో ప్రకటన వెలువడెను. వ్యాపారము వృద్ధియయ్యెను.

సామాన్యుడైనచో నంతటితో తృప్తిపడి, లాభము లెక్కపెట్టుకొనుచు కాలము గడపియుండును. లాజు ఆ లాభమును మరల నేలలో పోయనారంభించెను. 1843 జూన్ మాసమున జోసెఫ్ హెన్రీ గిల్బర్టు అను యువ రసాయనవేత్తను తనకు తోడుగా నియమించుకొనెను. గిల్బర్టు హల్ పట్టణమున 1817లో జన్మించినవాడు. బాల్యమున తుపాకి ప్రమాదమువలన ఒక కన్ను పోయెను. అయినను చదువు విడువక, జర్మనీకి పోయి స్వయముగా లీబిగ్ వద్దనే శిష్యరికము చేసి వచ్చెను. లాజుకు చూపు విశాలము, గిల్బర్టుకు చూపు సూక్ష్మము. గింజ యెత్తు తప్పినను గిల్బర్టు మరల తూచును. ఈ యిరువురి జత 57 సంవత్సరములు చెడలేదు. ఇట్టి స్నేహము శాస్త్రచరిత్రలో మిగుల నరుదు.

అదే యేడు శరత్తున బ్రాడ్‌బాక్ అను పొలమున గోధుమ విత్తిరి. పొలమును పొడుగైన పట్టీలుగా విభజించిరి. ఒక పట్టీకి ఏమియు వేయరు. ఒకదానికి ఎకరమునకు 14 టన్నుల పశువుల పెంట. తక్కినవానికి భాస్వరము, పొటాషు మొదలగు ఖనిజములు మాత్రము, లేదా అమ్మోనియా లవణములు మాత్రము, లేదా రెండును, హెచ్చుతగ్గుల పాళ్లలో. ఏ పట్టీకి ఏది నిర్ణయించిరో ప్రతి సంవత్సరమును దానికదే. పైరు ప్రతి సంవత్సరమును గోధుమయే. ఊరివారు నవ్విరి. ఒకే నేలలో ఒకే పైరు వరుసగా వేసిన నేల చచ్చునని వారి నమ్మకము. ఏమియు వేయని పట్టీ చచ్చిపోలేదు. చాలకాలమునకు సరాసరిన ఎకరమునకు సుమారు 13 బుషెళ్లు ఇచ్చుచుండెను. పెంట వేసిన పట్టీ సుమారు 35 బుషెళ్లు ఇచ్చెను. బుషెలు గోధుమ యనగా రమారమి 27 కిలోగ్రాములు. ఖనిజములతో పాటు చాలినంత అమ్మోనియా వేసిన పట్టీలు పెంట పట్టీకి తీసిపోలేదు.

ఈ చివరి ఫలితమే పెద్ద వివాదమునకు కారణమయ్యెను. లీబిగ్ మహాశయుని సిద్ధాంతము ప్రకారము మొక్కకు కావలసిన నత్రజనిని గాలియు వానయు ఇచ్చును. రైతు తీర్చవలసిన లోటు ఖనిజములదే. 1845లో ఆయన పేర ఒక ఎరువు లివర్‌పూల్ ప్రాంతమున తయారై అంగడికి వచ్చెను. పొటాషు మొదలగునవి నీట కరగునవి కదా, ఇంగ్లండు చలికాలపు వానకు కొట్టుకొనిపోవునేమో యని లీబిగ్ భయపడి, వానిని సున్నముతో కరగించి గాజువలె గట్టిపరచెను. వాన దానిని కరగింపలేకపోయెను. మొక్క వేళ్లును కరగింపలేకపోయెను. కొన్న రైతులు నష్టపోయిరి. లాజు గిల్బర్టులు తమ బ్రాడ్‌బాక్ లెక్కలను ముందిడి, ఖనిజములు మాత్రము వేసిన పట్టీకిని ఏమియు వేయని పట్టీకిని భేదము స్వల్పమని, గోధుమను పెంచునది నత్రజనియని నిరూపించిరి. తన శిష్యుడే తనకు ఎదురు తిరుగుట లీబిగ్ సహింపలేకపోయెను. కఠినమైన వ్రాతలు ఇరుప్రక్కల వెలువడినవి. పంతము పదునైదేండ్లు సాగెను.

పెద్దవాని పొరపాటున గూడ మనము నేర్చుకొనవలసినది కలదు. వాన ఎరువును కొట్టుకొనిపోవునన్న లీబిగ్ భయము నిరాధారము కాదు. కాని వాన దేనిని కొట్టుకొనిపోవును, దేనిని వదలిపెట్టును అన్నది ఆయన కొలిచి చూడలేదు. 1850లో వే అను ఆంగ్లేయ రసాయనవేత్త, యార్క్‌షైరు జమీందారైన థాంప్సన్ చేసిన పరీక్షను పెంపొందించి, మట్టిగుండ అమ్మోనియా నీటిని పోసిన మట్టి అమ్మోనియాను పట్టుకొనుననియు, పొటాషునుగూడ పట్టుకొనుననియు, నత్రితమును మాత్రము పట్టుకొనజాలదనియు కనుగొనెను. లీబిగ్ ఏ పొటాషు కొట్టుకొనిపోవునని భయపడెనో దానిని బంకమన్ను తనంతట తానే కాపాడుచున్నది! ఈ తప్పును లీబిగ్ తరువాత తన గ్రంథముననే బహిరంగముగా నొప్పుకొనెను. ఒప్పుకొనుటలో ఆయన గొప్పతనము కనబడుచున్నదని మా యభిప్రాయము.

ఇక మన లాజు పొలమునకు వత్తము. 1849లో బ్రాడ్‌బాక్ పట్టీలలో నొక్కొక్కదాని నడుమను కాల్చిన మట్టిగొట్టములు పూడ్పించిరి. ఇవి శాస్త్రమునకై కాదు, పొలము నీరు తీయుటకే. కాని తరువాత నెవరికో తోచెను: ఒక్కొక్క గొట్టము ఒక్కొక్క పట్టీ యొక్క నీటిని మోసికొనివచ్చుచున్నది కదా, ఆ నీటిలో ఏమున్నదో చూచిన నేమి? 1860ల చివర అగస్టస్ వోల్కర్ అను రసాయనవేత్తయు, ఫ్రాంక్‌లాండ్ అను నాయనయు ఆ నీటిని పరీక్షించిరి. భాస్వరము ఆ నీట మిక్కిలి స్వల్పము. పొటాషు కొంచెము. నత్రితము మాత్రము, పైన అమ్మోనియా లవణము ఎంత హెచ్చుగా చల్లిరో క్రింద అంత హెచ్చుగా నుండెను. ఈ వోల్కరుగారి కుమారుడే 1889లో మన దేశమునకు వచ్చి, ఊరూర తిరిగి, భారతదేశపు వ్యవసాయమునుగూర్చి గొప్ప నివేదిక వ్రాసెను. మన రైతు తెలివితక్కువవాడు కాడని ఆంగ్లేయ ప్రభుత్వమునకు తెలియజెప్పినవారిలో ఆయన యొకడు.

అమ్మోనియా చల్లగా నత్రితము బయటికి వచ్చుట యేల? మట్టిలో నీ మార్పు ఎవరు చేయుచున్నారు? 1877లో ఫ్రాన్సు దేశపు ష్లొయిసింగ్, మ్యూంట్జ్ అనువారు ఇది ప్రాణముగల సూక్ష్మజీవుల పనియని కనుగొనిరి. ముందటి యేడే రాథమ్‌స్టెడ్‌లో చేరియున్న రాబర్టు వారింగ్టన్ ఆ విషయమున చాలయేండ్లు కృషిచేసి, మార్పు రెండు అంచెలలో జరుగునని చూపెను. ఆ జీవులను వేరుపరచిన కీర్తి 1890లో రష్యాదేశీయుడైన వినోగ్రాడ్‌స్కీకి దక్కెను. వారింగ్టనుకు గిల్బర్టుతో పొసగలేదు. ఆ యేడే రాథమ్‌స్టెడ్ విడిచిపోవలసివచ్చెను. గిల్బర్టు సూక్ష్మదృష్టికి ఇది మచ్చయని చెప్పక తప్పదు. సూక్ష్మజీవులు వెచ్చదనమున చురుకుగా పనిచేయును, చలికి మందగించును, నేల గడ్డకట్టు చలిలో దాదాపు పని మానును. శరత్తున నేల యింకను వెచ్చగానే యుండును గనుక, అప్పుడు చల్లిన అమ్మోనియా కొలది వారములలోనే నత్రితమగును. వెంటనే చలికాలపు వాన మొదలగును. పసిమొక్కకు దానిని త్రాగు శక్తి లేదు. తక్కినది తూము పాలు.

మొదటి ముప్పది యేండ్లును లాజు గిల్బర్టులు అమ్మోనియా లవణములను హెచ్చుగా శరత్తుననే విత్తుటకు ముందు చల్లుచుండిరి. అందరు రైతులకు నదే యలవాటు. తూము నీటి లెక్కలు చూచిన పిదప 1870ల చివర ఆ యలవాటు మార్చి, వసంతమున చల్లసాగిరి. పోల్చి చూచుటకై ఒక్క పట్టీకి మాత్రము శరత్తుననే వేయుచు వచ్చిరి. ఫలితము మా చదువరులు ఊహింపగలరు. చలికాలము పొడిగా గడచిన యేడు రెంటికిని భేదము లేదు, ఒక్కొక్కప్పుడు శరత్తున వేసినదే మేలు. చలికాలము ముసురుగా గడచిన యేడు శరత్తున వేసిన పట్టీ వెలవెలబోవును. కాబట్టి ఎరువు ఎప్పుడు వేయవలెనన్నది పంచాంగము చూచి చెప్పునది కాదు, రాబోవు వానను బట్టి యుండును. రాబోవు వాన ఎవ్వరికిని తెలియదు గనుక వసంతము వరకు ఆగుటయే క్షేమము.

లాజుకు ఈ పరీక్ష చాలలేదు. తూము గొట్టము పొలమున దిగిన నీటి నంతటిని పట్టదు. కొంత ప్రక్కలకు పోవును. ఆయన 1870లో ఒక వింత యేర్పాటు చేయించెను. కదల్చని నేల దిమ్మెలు మూడు ఎన్నుకొనిరి. ఒక్కొక్కటి ఎకరములో వేయవ వంతు. వాని లోతులు 20, 40, 60 అంగుళములు. మట్టి త్రవ్వి మరల పోసినచో దాని స్వభావము మారునని, దిమ్మె నెత్తకుండ ప్రక్కనుండి అడుగున కొంచెము కొంచెముగా దొలిచి, చిల్లులుగల యినుప పలకలు దూర్చి నిలబెట్టి, చుట్టును ఇటుకయు సిమెంటును కట్టిరి. ఇంత పని యోపికతో చేయించినది మూడు మట్టిదిమ్మెల క్రింద నీటి బొట్లు పట్టుటకు! ఆ దిమ్మెలమీద పైరు లేదు, ఎరువు లేదు, గడ్డిపోచను గూడ మొలవనీయరు. వాన యెంత పడినది, నీరెంత దిగినది, అందు నత్రితమెంత, ఇంతియే లెక్క.

ఎకరము నేలమీద ఒక అంగుళము వాన పడినచో దాని తూకము సుమారు 100 టన్నులు. వట్టి నేలమీద పడిన సంవత్సరపు వానలో రమారమి సగము అడుగునకు దిగుచున్నదని ఆ దిమ్మెలు తెలిపినవి. ఆ దిగుటలో హెచ్చుభాగము చలికాలముననే. అన్నిటికంటె ఆశ్చర్యమేమనగా, ఎన్నడును ఎరువు చూడని ఆ వట్టి దిమ్మెలనుండి గూడ నత్రితము సంవత్సరము వెంబడి సంవత్సరము దిగుచునే యుండెను. నేలలోని పాత జీవపదార్థము వేసవిలో కుళ్లి నత్రితమగుట, అది శరత్కాలపు వానకు దిగిపోవుట. బీడుపెట్టిన నేల బలియునన్న పాత మాటలోని కిటుకు దీనివలన తేలెను. బీడు నేలలో నత్రితము పోగగుట నిజమే. కాని మరుసటి చలికాలము పొడిగా నున్ననే ఆ ధనము రైతు కొంగున మిగులును. వాన కురిసెనా, పొరుగు కాలువ పాలగును. పైరున్న నేలనుండి నత్రితము దిగుట చాల తక్కువ. శరత్తున నేలను వట్టిగా విడువక ఏదో యొక పచ్చని పైరు మొలిపించుట మంచిదని నేడు ఆ దేశమున చేయు బోధకు మూలము ఇచ్చటనే యున్నది.

1879వ సంవత్సరము ఇంగ్లండు రైతులకు మరపురాని దుర్దినము. చలికాలము తడి, వసంతము చలి, వేసవి యంతయు వాన. ఆ శతాబ్దమున అంతటి చెడ్డ పంట లేదందురు. లాజు 1863 మొదలు ప్రతి శరత్తునను తన బ్రాడ్‌బాక్ పట్టీల దిగుబడిని బట్టి దేశపు గోధుమ పంట యెంత యుండునో లెక్కవేసి లండను టైమ్స్ పత్రికకు వ్రాయుచుండెను. ధాన్యపు వర్తకులును రైతులును ఆ జాబుకొరకు ఎదురుచూచెడివారు. ఆ యేడు జాబు శుభవార్త కాలేదు. అమెరికా గోధుమ ఓడలలో దిగుచుండగా ధర పెరగలేదు, పంట లేదు. అనేకులు భూములు వదలిరి. ఎకరమునకు వేసిన నత్రజనిలో కొన్ని పవునులు తూమున పోయిన రైతు బ్రతుకు ఎటు తిరుగునో ఆ యేడు అందరికిని బోధపడెను.

లాజు లెక్కలనుండి చలిదేశపు రైతు గ్రహించినది యేమన: సూపర్ ఫాస్ఫేటును, ఎముకల పొడిని, పొటాషును బరువు నేలలో వాన భయము లేక చలికాలముననే వేసికొనవచ్చును, అవి మట్టిని అంటిపెట్టుకొనును. నత్రజని సంగతి వేరు. చిలీ దేశపు నత్రితము చల్లిన మరునాడే వేరునకు అందును, అంతే త్వరగా వానకు లోబడును. దానిని పైరు కదలి పెరుగుట మొదలిడిన పిమ్మట, ఒకేసారి కాక రెండు మార్లుగా వేయుట మేలు. అమ్మోనియా లవణము మట్టిని పట్టుకొనియుండును, చల్లని నేలలో మెల్లగా మారును గనుక దానిని కొంచెము ముందుగా వేసినను ముప్పు తక్కువ. పెంట బలము నిదానము. అది చలిలో పనిచేయదు, వెచ్చదనముతో పాటు మేల్కొనును. నీరు నిలిచిన నేలమీదను, గడ్డకట్టిన నేలమీదను ఏదియు వేయరాదు. ఇవి చెప్పుటకు సులభము. ఫిబ్రవరిలో రెండు దినములు వెచ్చని యెండ కాసి, పొరుగువాడు చల్ల మొదలిడినప్పుడు తాను చేతులు ముడుచుకొని కూర్చుండుట సులభము కాదు.

మాకును ఈ పాఠము అనుభవమున వచ్చినదే. మా బడితోట ఇసుకపాలు హెచ్చైన నేల. ఒక కార్తీకమున వంగమళ్లకు సాయంకాలము యూరియా చల్లితిమి. ఆ రాత్రియే వాయుగుండపు వాన పట్టుకొని రెండు దినములు విడువలేదు. యూరియా మట్టిలో మార్పుచెందకమునుపు నీటితో పాటే క్రిందికి పోవునని మాకు తెలియక కాదు. ఆకాశము చూడకపోవుటయే తప్పు. వంగ మొక్కలు పాలిపోయి మమ్ము చాలదినములు సిగ్గుపరచినవి. చలియు మంచును మనకు లేకపోయినను వానకు మాత్రము ఏ దేశమున నైనను గుణమొక్కటే.

లాజు సంపన్నుడయ్యును ఆడంబరము లేనివాడు. స్కాట్లండు కొండలలో జింకల వేట, నదులలో సాల్మను చేపలు పట్టుట ఆయన వినోదములు. హార్పెండెన్ కూలివాండ్రకు చిన్నచిన్న తోటమళ్లు కేటాయించి, వారు తమంతట తామే నడుపుకొను క్లబ్బు నొకటి కట్టించెను. సుప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్సు దానిని చూచి, తన పత్రికలో దానినిగూర్చి వ్రాసెను. రైతులు చందాలు వేసికొని 1855లో ఆయనకు బహుమానముగా ఒక రసాయనశాల కట్టించి యిచ్చిరి. జమీందారునకు రైతులు చందాలు వేసి బహుమానమిచ్చుట మన దేశమున వినమైతిమి! 1854లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1867లో గిల్బర్టుతో కూడ ఆ సంఘపు పతకమును, 1882లో బారొనెట్ బిరుదును వచ్చినవి.

1872లో తన యెరువుల వ్యాపారమును 3,00,000 పౌనులకు అమ్మివేసెను. అందులో 1,00,000 పౌనులు పరీక్షల నిర్వహణకై ప్రత్యేకించి, 1889లో ధర్మకర్తలకు అప్పగించెను. ఎరువు అమ్మి గడించిన సొమ్ము, ఎరువు ఎంత వ్యర్థమగుచున్నదో తెలిసికొనుటకు వినియోగమయ్యెనన్నమాట. తన సరకును తక్కువగా, తగిన కాలమున మాత్రమే వాడుమని చెప్పు వర్తకులు మాకు తెలిసినంతలో చాలమంది లేరు.

1893లో పరీక్షలకు ఏబదియేండ్లు నిండినవి. రసాయనశాల యెదుట పెద్ద రాతిబండ నొకదానిని స్మారకముగా నిలిపిరి. గిల్బర్టునకు సర్ బిరుదము వచ్చినది ఆ సంవత్సరమే. లాజు 1900వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీని, ఎనుబదియైదవ యేట, పుట్టిన మేడలోనే కన్నుమూసెను. ఆ యూరి గుడి ఆవరణముననే ఆయనను సమాధిచేసిరి. గిల్బర్టు పదునారు మాసములైన నిలువలేదు. 1901 డిసెంబరులో ఆయనయు వెడలిపోయెను.

వారి పొలము మాత్రము ఆగలేదు. బ్రాడ్‌బాక్‌న నేటికిని గోధుమ విత్తుచున్నారు. లోకమున నింత దీర్ఘకాలము సాగుచున్న పంట పరీక్ష మరియొకటి లేదు. పాత సంవత్సరముల గింజలు, గడ్డి, మట్టి సీసాలలో ముద్రవేసి దాచియున్నవి. లాజు ఊహింపని ప్రశ్నలకు నేటి శాస్త్రజ్ఞులు వానినుండి ఉత్తరములు వెదకుచున్నారు. తూముల నీటిలోని నత్రితము రైతుకు నష్టము మాత్రమే కాదనియు, త్రాగు నీటిని చెరచుననియు ఇరువదవ శతాబ్దమున తేలెను. 1991లో ఐరోపా దేశములు దీనికై చట్టము చేసికొన్నవి. ఇంగ్లండున నత్రితపు బెడద గల ప్రాంతములలో, దున్నిన నేలలకు సాధారణముగా సెప్టెంబరు 1 మొదలు జనవరి 15 వరకు కృత్రిమపు నత్రజని యెరువు చల్లరాదని నిషేధము కలదు. నెదర్లాండు దేశపు పసరికభూముల రైతులు జనవరి 1 మొదలు దినదినపు సరాసరి వెచ్చదనమును కూడుకొనుచు పోయి, సెంటిగ్రేడు కొలతలో ఆ మొత్తము 200 అయినప్పుడు మొదటి యెరువు చల్లుదురు.

లాజు కట్టించిన మూడు మట్టిదిమ్మెలు కూడ రాథమ్‌స్టెడ్‌లో నట్లే యున్నవి. వానిమీద ఇప్పటికిని ఏ పైరును లేదు. వాన పడినప్పుడు వాని అడుగున నీరు దిగుచున్నది. ఆ నీటిని ఇప్పటికిని కొలిచి వ్రాసికొనుచున్నారు.